40 శాతం సరే, దేంట్లో 40?

అమ్మలూ,

నువ్వు పంపిన రెండు డెంటల్ క్లినిక్‌ల ఆఫర్లూ రాత్రే చూశాను. ఒకటి నెలకింతని జీతం, రెండోది 40 శాతం వాటా. కింద "ఏది ఎక్కువ మామయ్యా?" అని ఒక్క ముక్క అడిగావు. ఫోన్‌లో చెబుదామంటే నేను మొదలుపెడితే ఆపనని మీ అత్తయ్య గోల, అందుకే రాస్తున్నాను. నీ రూమ్మేట్ కూడా పీజీ అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటోందన్నావుగా, స్పెషలిస్టుల సంగతి కూడా కింద రాశాను, ఆ పిల్లకీ చూపించు.

ముందు రెండోదాని గురించి, నీ కళ్ళు దాని మీదే ఉన్నాయని తెలుసు కాబట్టి. 40 శాతం వినడానికి బాగానే ఉంది, కానీ దేంట్లో 40? ఆ కాగితం రెండుసార్లు చదివాను, ఎక్కడా రాయలేదు.

పన్ను మీద తొడిగే క్యాప్ ఒకదాని లెక్క వేద్దాం. బిల్లు 1000 అనుకో. పేషెంట్ కొంత తగ్గించమని, కొంత తర్వాత ఇస్తానని చెప్పి వెళ్ళాక కౌంటర్లో పడింది 800. క్యాప్ చేసిచ్చిన ల్యాబ్‌కి కట్టాల్సింది 200. బిల్లు మీద 40 శాతమైతే నీకు 400. వసూలైనదాని మీదైతే 320. వసూళ్ళలోంచి ల్యాబ్ ఖర్చు తీసేసి మిగిలినదాని మీదైతే 240. ఇంకో రకం ఉంది, వసూలు మీదే 40 శాతం ఇస్తామంటారు కానీ ల్యాబ్ బిల్లు మొత్తం నీ వాటాలోంచే పట్టుకుంటారు, అప్పుడు నీ చేతికి వచ్చేది 120. పన్ను అదే, పని అదే, శాతమూ అదే. ఎవరైనా బిల్లు మీద 30 శాతం ఇస్తామంటే నువ్వు ముఖం చిట్లిస్తావు గానీ, అక్కడ నీకు ఇదే పనికి 300 వస్తుంది.

వసూలు మీద ఇవ్వడం అన్యాయమేమీ కాదు, రాని డబ్బులోంచి ఎవరు మాత్రం ఎలా ఇస్తారు. కాకపోతే అలా ఇచ్చేచోట బాకీ వసూలు చేసేది ఎవరు, నువ్వు ఉద్యోగం మానేశాక వచ్చిన డబ్బులో నీ వాటా నీకు పంపుతారా, యజమాని తన స్నేహితుడికి బిల్లు సగానికి తగ్గిస్తే ఆ తగ్గింపు నీ వాటాకీ తగులుతుందా, ఇవి అడగాలి. మూడోది అడగడానికి మొహమాటంగా ఉంటుంది. అడుగు.

నా మొదటి ఉద్యోగంలో నాకీ తెలివి లేదు. పెద్దాయన మంచివాడే, చేతిలో చెయ్యి పెట్టి పని నేర్పాడు, ఆ రుణం ఉంది. కానీ ఒక పన్ను మాత్రం ఇప్పటికీ గుర్తు. కింద కుడివైపు మొదటి దవడ పన్ను, మన పళ్ళ నంబర్లలో 46. దాని రూట్ కెనాల్ నేనే చేశాను, మూడు సిట్టింగులు పట్టింది, వేరులోపల ఉండే సన్నటి దారుల్లో నాలుగోది, అదే నాలుగో కెనాల్, దొరక్క చెమటలు పట్టాయి. క్యాప్ కోసం పన్ను అరగదీసి, కొలత తీసి, ల్యాబ్‌కి పంపింది కూడా నేనే. క్యాప్ వచ్చిన రోజు నాకు సెలవు. ఆయన అయిదు నిమిషాల్లో సిమెంట్ కలిపి అతికించి పంపేశాడు. నెలాఖరున రిజిస్టర్ చూస్తే ఆ క్యాప్ డబ్బు మొత్తం ఆయన పేరు మీద ఉంది, ఎందుకంటే అక్కడ క్యాప్ డబ్బు అతికించిన రోజున కట్టించుకునేవారు, ఎవరు అతికిస్తే వాళ్ళ పేరు రాసేవారు. అంతే, అందులో కుట్రేం లేదు. అడిగితే "చూద్దాంలే" అన్నాడు. గట్టిగా మాట్లాడదామంటే నా దగ్గర రాసిపెట్టుకున్నది ఒక్క ముక్క లేదు. అలాంటివి ఇంకెన్ని పోయాయో లెక్క కూడా కట్టలేకపోయాను, కోపం కన్నా అదే ఎక్కువ బాధగా అనిపించింది.

ఆ మర్నాడే ఒక చిన్న నోట్‌బుక్ కొన్నాను. తేదీ, పేషెంట్ ఫైల్ నంబరు, పన్ను నంబరు, చేసిన పని, బిల్లు, వచ్చింది. రోజూ ఇంటికి బయల్దేరే ముందు రెండు నిమిషాలు. నువ్వూ మొదటి రోజు నుంచీ రాయి. పేర్లూ ఫోన్ నంబర్లూ మాత్రం ఎక్కించకు, ఎక్స్‌రేలు నీ ఫోన్‌లోకి లాక్కోకు, అవి పేషెంట్ల సొంత విషయాలు, రేపు ఏదైనా గొడవ వస్తే నీదే తప్పవుతుంది. ఫైల్ నంబరు చాలు. చేరే ముందే ఇంకొకటి తేల్చుకో: పని మొదలుపెట్టేది ఒకరు, పూర్తి చేసేది ఒకరు అయితే డబ్బు ఎవరి పేరున రాస్తారు?

ఇక ఫిక్స్‌డ్ జీతం. నువ్వు దాన్ని చప్పగా ఉందనుకుంటున్నావు. కొత్త డాక్టర్‌కి మొదటి ఆరు నెలలు అదే నయం అని నా అభిప్రాయం, నీ వయసులో నాకెవరైనా ఇలా చెబితే నేనూ వినేవాణ్ణి కాదు. ఎందుకంటే వాటా అనేది పేషెంట్లు ఉంటేనే. వాళ్ళు నిన్ను ఎరగరు. రిసెప్షన్‌లో "పెద్ద డాక్టర్‌గారే చూడాలి" అంటారు. నువ్వు పళ్ళు క్లీన్ చేస్తూ, చెకప్‌లు చేస్తూ, క్యాప్‌లూ ఇంప్లాంట్లూ పక్క గదిలోకి వెళ్తుంటే చూస్తూ కూర్చుంటావు. ఆ క్లీనింగ్‌లో 40 శాతం ఎంతని? అందుకని శాతం కన్నా ముందు అడగాల్సింది, కొత్త పేషెంట్ ఫోన్ చేస్తే ఎవరికి అపాయింట్‌మెంట్ ఇస్తారు అని. నువ్వు రాబోయే చైర్‌లో ఇంతకుముందు ఒక డాక్టర్ పనిచేసి వెళ్ళిపోయి, వాళ్ళ పేషెంట్లు నీకు వస్తారంటే అదొక రకం. ఉన్న డాక్టర్లకే చేతినిండా పని లేక, చైర్ ఖాళీగా ఉందని నిన్ను పిలుస్తుంటే అది ఇంకో రకం. ఒకరోజు అక్కడికెళ్ళి ఊరికే కూర్చుంటానని చెప్పు. మధ్యాహ్నం దాకా కూర్చుంటే తెలిసిపోతుంది. ఇంతకుముందున్న డాక్టర్ ఎందుకు మానేశారో కూడా అక్కడి అసిస్టెంట్‌ని అడిగితే తెలుస్తుంది, యజమాని చెప్పేదానికన్నా అది నిజానికి దగ్గరగా ఉంటుంది.

మధ్యేమార్గంగా కొందరు "రోజుకింత గ్యారెంటీ, అది దాటితే వాటా" అంటారు. ఇది బాగుంటుంది, ఒక్క మెలిక లేకపోతే. గ్యారెంటీ అన్నది నిజంగా గ్యారెంటీయా, లేక అడ్వాన్సా? గ్యారెంటీ అయితే, నీ వాటా అంతవరకు రాకపోయినా ఆ డబ్బు నీదే. అడ్వాన్స్ అయితే, ఈ నెల తక్కువ పడింది వచ్చే నెల వాటాలోంచి కోసుకుంటారు, నువ్వు మూడు నెలలు కష్టపడి నాలుగో నెలలో కూడా వాళ్ళకే బాకీ ఉన్నట్టు తేలుతుంది. మాట ఒకటే వాడతారు, అర్థాలు రెండు. ఏ అర్థంలో అంటున్నారో కాగితం మీద రాయించుకో.

ఇప్పుడు మీ రూమ్మేట్ సంగతి. స్పెషలిస్ట్ అంటే రెట్టింపు జీతం అనుకుని వస్తారు పిల్లలు. వస్తుంది కొందరికి. కానీ అన్ని స్పెషాలిటీలూ ఒకలా సంపాదించవు, ఒకే పద్ధతిలో డబ్బు తీసుకుంటే అందరికీ నష్టమే. ఆ పిల్ల రూట్ కెనాల్ స్పెషలిస్ట్ అన్నావు కాబట్టి అదే ముందు. నాలుగు క్లినిక్‌లు తిరుగుతూ కేసుకింత అని తీసుకుంటే, కెనాల్ శుభ్రం చేసే సన్నటి సూదుల్లాంటి ఫైళ్ళు ఎవరు కొంటారు, వాటిని తిప్పే మోటార్ ఎవరిది, మైక్రోస్కోప్ ఉందా, అన్నీ ముందే తేలాలి. ఎందుకంటే ఆమెకి పంపే కేసులు మామూలువి కావు. మామూలువి ఆ క్లినిక్‌ల వాళ్ళే చేసుకుంటారు. ఎవరో సగం చేసి వదిలేసినవీ, కెనాల్‌లో ఫైల్ విరిగినవీ, సన్నగా వంకర తిరిగినవీ వస్తాయి. మామూలు దవడ పన్నుకీ, ఒకసారి చేసి పాడైనదాన్ని విప్పి మళ్ళీ చేసేదానికీ ఒకే రేటు ఒప్పుకుంటే మునిగిపోతుంది, రెండోదానికి టైమ్ రెట్టింపు. పేషెంట్ చివరి నిమిషంలో రాకపోతే? గంటసేపు ప్రయాణం చేసి వెళ్ళి, ఉన్న ఇద్దరిలో ఒకరు రాకపోతే ఆ రోజు పోయినట్టే. అందుకే రోజుకి కనీసం ఇంత అని ఒక హద్దు ఉండాలి, దానిపైన కేసుల లెక్క.

క్లిప్పులు వేసేవాళ్ళ బాధ వేరు. ఒక కేసు ఏడాదిన్నర, రెండేళ్ళు నడుస్తుంది, పేషెంట్లు వాయిదాల్లో కడతారు. తొమ్మిదో నెలలో ఆ డాక్టర్ వేరే చోటికి వెళ్ళిపోతే? మొదలుపెట్టిన కష్టం వెళ్ళినవాళ్ళది, మిగిలిన వాయిదాలు కొత్తగా వచ్చినవాళ్ళకి. లేదంటే మొదట్లోనే ఎక్కువ వాటా తీసుకుని ఉంటే, తర్వాత వచ్చినవాళ్ళు ఊరికే వైర్లు మారుస్తూ ఉండాలి. ఏ దశకి ఎంత అని ముందే విడగొట్టుకోకపోతే విడిపోయేటప్పుడు మాటా మాటా వస్తుంది.

పిల్లల పళ్ళ డాక్టర్లకి శాతం పద్ధతి అసలు సరిపడదని నా గట్టి నమ్మకం. నాలుగేళ్ళ పిల్లాడు నోరు తెరవడానికే నలభై నిమిషాలు పడుతుంది, ఫిల్లింగ్ పది నిమిషాలు, బిల్లు మాత్రం ఆ పది నిమిషాలకే. ఆ నలభై నిమిషాలు ఏడిపించకుండా కూర్చోవడమే అక్కడ అసలు పని. రోజు లెక్కనో గంట లెక్కనో అడగమని చెప్పు ఎవరైనా ఉంటే. పళ్ళసెట్లు కట్టే స్పెషలిస్టులకి అన్నిటికన్నా ల్యాబ్ బిల్లు ముఖ్యం, పైన చెప్పిన 120 లెక్క వాళ్ళకి రోజూ ఎదురవుతుంది, సెట్టు సరిగ్గా కూర్చోక మళ్ళీ చేయిస్తే ఆ రెండో ల్యాబ్ బిల్లు ఎవరిదన్నది కూడా. సర్జన్లు హాస్పిటల్‌లో చేరితే రాత్రి పిలుపులకి విడిగా ఇస్తారో లేదో కనుక్కోవాలి, ప్రమాదాలు జరిగి దవడలు విరిగినవాళ్ళు పొద్దున దాకా ఆగరు. పాథాలజీ, రేడియాలజీ లాంటివాళ్ళు ఎక్కువగా కాలేజీల్లో, రిపోర్టులు రాసేచోట పనిచేస్తారు, వాళ్ళది చాలావరకు నెల జీతమే.

ఇన్సూరెన్స్ గురించి నీకు బోరుగానే ఉంటుంది, అయినా ఈ పేరా చదువు. పొరపాటు జరిగి పేషెంట్ కేసు వేస్తే క్లినిక్ పాలసీ క్లినిక్‌నే కాపాడవచ్చు, అందులో నీ పేరు ఉందో లేదో చూడు. ఆ పాలసీల్లో రెండు రకాలుంటాయి. ఒకటి, పని చేసిన రోజున పాలసీ ఉంటే చాలు, కేసు ఎప్పుడొచ్చినా వర్తిస్తుంది. రెండోది, కేసు వచ్చిన రోజున పాలసీ నడుస్తూ ఉండాలి. ఈ రెండో రకంలో నువ్వు ఉద్యోగం మారి పాలసీ ఆగిపోయాక పాత పేషెంట్ కేసు వేస్తే నీకు అండ ఉండదు, దానికి విడిగా డబ్బు కట్టి పొడిగించుకోవాలి. ఆ ఖర్చు నీదా వాళ్ళదా? ఇది కూడా జీతం లెక్కలోకే వస్తుంది, ఎవరూ చెప్పరు గానీ.

ఫిక్స్‌డ్ ఆఫర్ మూడో పేజీలో ఒక షరతు ఉంది, చూశావా? మానేశాక రెండేళ్ళ పాటు చుట్టుపక్కల ఎక్కడా పని చెయ్యకూడదట. "చుట్టుపక్కల" అంటే ఎంత దూరమో రాయలేదు. అది ఎంతవరకు చెల్లుతుందన్నది అక్కడి చట్టాన్ని బట్టి ఉంటుంది, తెలిసిన లాయర్‌కి ఒకసారి చూపించు. నేనైతే దూరం రాయమంటాను, రెండేళ్ళని ఆరు నెలలు చెయ్యమంటాను, నన్ను వాళ్ళే తీసేస్తే ఈ షరతు వర్తించదని ఒక వాక్యం కలపమంటాను. ఒప్పుకోకపోవచ్చు. అడిగినందుకు ఆఫర్ వెనక్కి తీసుకునే చోటైతే అక్కడ చేరకపోవడమే మేలు.

ఎలా అడగాలి అని టెన్షన్ పడతావు, నాకు తెలుసు, చిన్నప్పటి నుంచీ అంతే నువ్వు. "నాకు ఇంకా కావాలి" అని మొదలుపెట్టకు. "సర్, పోయిన నెలలో ఈ చైర్‌లో జరిగిన పని మీద నా వాటా ఎంత వచ్చేదో ఒకసారి లెక్క వేసి చూపిస్తారా?" అని అడుగు. పేర్లు తీసేసి అంకెలు చూపిస్తే చాలు. చూపించేవాళ్ళు చూపిస్తారు, తప్పించుకునేవాళ్ళు తప్పించుకుంటారు, రెండూ నీకు పనికొచ్చే జవాబులే. ఆర్నెల్ల తర్వాత మళ్ళీ కూర్చుని మాట్లాడుకుందామని తేదీ కూడా రాయించు.

నెలకి ఇన్ని క్యాప్‌లు, ఇన్ని ఇంప్లాంట్లు చెయ్యాలని టార్గెట్ పెట్టే చోటు గురించి మాత్రం నేను మెత్తగా చెప్పను. ఫిల్లింగ్‌తో పోయే పన్నుకి నెలాఖరు దగ్గరపడిందని క్యాప్ వెయ్యడం ఒకసారి అలవాటైతే చెయ్యి మళ్ళీ వెనక్కి రాదు. జీతం ఎంతైనా సరే, అటు పోకు.

డబ్బు తక్కువైనా నీ పక్కన నిలబడి చూసే సీనియర్ ఉంటే దాన్ని జీతంలో కలుపుకో, మొదటి ఏడాది వరకే. నేర్పిస్తాం అని చెప్పి రెండేళ్ళు తక్కువ జీతానికి లాగేవాళ్ళూ ఉంటారు, వారానికి ఎన్ని గంటలు, ఎవరు, ఏ కేసులు అని అడిగితే తెలిసిపోతుంది. ఇంకో మాట, మొదటి జీతంతో మంచి లూప్స్, అదే కళ్ళజోడుకి ఉండే భూతద్దాలు, కొనుక్కో. ముప్పై ఏళ్ళు వంగి పనిచేసిన నా మెడ ఇప్పుడు ఎడమవైపు తిరగదు, మీ అత్తయ్య పిలిస్తే మనిషంతా తిరగాలి.

ఈ రెండు ఆఫర్లలో నన్ను ఎంచుకోమంటే, దూరం సంగతి సరిచేస్తే ఫిక్స్‌డ్‌దే. 40 శాతం వాళ్ళకి మాత్రం "దేంట్లో 40?" అని ఇవాళే మెసేజ్ పెట్టు, జవాబు రాగానే అలాగే నాకు పంపు. గురువారం దాకా దేని మీదా సంతకం పెట్టకు.

మామయ్య