బస్టాండు పక్క స్థలానికి రెట్టింపు అంతస్తులా?

ప్రశ్న: బరంపురం బస్టాండుకి 400 మీటర్ల దూరంలో మాకు 8 డిసిమిళ్ల స్థలం ఉంది. కేంద్రం టీఓడీ పాలసీ (రవాణా స్టేషన్ల చుట్టూ ఎక్కువ కట్టడాలకు వీలిచ్చే విధానం) వల్ల ఇక్కడ రెట్టింపు ఎఫ్ఏఆర్ (స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టొచ్చో చెప్పే లెక్క) వస్తుందని, వెంటనే జీపీఏ (మా తరఫున వ్యవహరించే అధికారపత్రం) రాసిమ్మని ఒక బిల్డరు వెంటపడుతున్నాడు. లేకపోతే అదే పాలసీ కింద సర్కారు స్థలం లాక్కుంటుందట. నిజమేనా?

జవాబు: రెండూ నిజం కావు. 2017 నాటి ఆ పాలసీ చట్టం కాదు, రాష్ట్రాలకు మార్గదర్శకం. స్టేషన్ల చుట్టూ 500 నుంచి 800 మీటర్ల పరిధిని గుర్తించి, నోటిఫై చేసి, అక్కడ ఎక్కువ కట్టనివ్వమంటుంది. భూమి రాష్ట్రాల జాబితాలోది. ఒడిశా ప్రభుత్వం నోటిఫై చేసిన మ్యాపులో మీ ప్లాటు నంబరు లేనిదే 400 మీటర్లు కొలిచి లాభం లేదు.

10 రూపాయల ఫీజుతో బరంపురం డెవలప్‌మెంట్ అథారిటీకి ఆర్‌టీఐ పెట్టండి. ప్లాటు ఏ జోన్‌లో ఉంది, మీ రోడ్డు వెడల్పుకి ఎఫ్ఏఆర్ ఎంత, టీఓడీ నోటిఫికేషన్ ఏదైనా ఉందా అని అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఈలోగా పట్టాలో కిసమ్ (భూమి రకం) చూసుకోండి. చుట్టూ ఇళ్లున్నా రికార్డులో ‘ఘరబారి’ (ఇళ్ల స్థలం) బదులు ఇంకా ‘శారద’ (వరి భూమి) అనే ఉంటే, ముందు భూసంస్కరణల చట్టం సెక్షన్ 8-ఎ కింద తహసీలులో మార్పించాలి.

అసలు మెలిక ఒప్పందంలో ఉంటుంది. 8 డిసిమిళ్లంటే సుమారు 3,485 చదరపు అడుగులు. ఎఫ్ఏఆర్ 2 అయితే 6,970 అడుగులు కట్టొచ్చు. రేపు అది 3కి పెరిగితే ఇంకో 3,485 అడుగులు వస్తాయి. అవి ఎవరివి? కాగితంలో ఆ మాటే లేకపోతే బిల్డరు తనవే అంటాడు. పెరిగిన ఎఫ్ఏఆర్‌లో మీ వాటా ఎంత, దాని ఫీజు ఎవరు కట్టాలి, ప్లాను ఎన్ని నెలల్లో పాసవ్వాలి, కాకపోతే ఒప్పందం రద్దు అన్నవన్నీ స్పష్టంగా రాయించండి. అడ్వాన్సు పుచ్చుకుని, బిల్డరుకి స్థలంలో హక్కు కల్పిస్తూ ఇచ్చిన జీపీఏని తర్వాత మీ ఇష్టానికి రద్దు చేయలేరు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 202 అడ్డొస్తుంది.

ఇక లాక్కోవడం సంగతి. పాలసీ చూపించి ఎవరూ స్థలం తీసుకోలేరు. 2013 భూసేకరణ చట్టం కింద నోటిఫికేషన్ ఇవ్వాలి, పరిహారంపై 100 శాతం సొలేషియం (బలవంతపు సేకరణకు ఇచ్చే అదనపు సొమ్ము) కలిపి చెల్లించాలి. అభ్యంతరం 60 రోజుల్లో కలెక్టరుకి రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ నోటిఫికేషన్ ప్రాంతీయ భాషా పత్రికలో, అంటే ఇక్కడ ఒడియాలో వస్తుంది. తెలుగు పేపరు మాత్రమే చదివే ఇంట్లో ఆ 60 రోజులూ తెలియకుండానే దాటిపోవచ్చు.