సొట్ట పడిన ఫిల్టర్ రింగు: ప్లయర్ జోలికి మాత్రం పోకండి

మీ నాన్నగారి సూపర్ టాకుమార్ 55 ఎంఎం కెమెరా లెన్స్ కింద పడి ఫిల్టర్ రింగు (లెన్స్ ముందు అంచున ఫిల్టర్ బిగించే మరల రింగు) ఒకచోట లోపలికి నొక్కుకుపోయిందని, ఫిల్టర్ ఎక్కడం లేదని, నోస్ ప్లయర్‌తో బయటికి లాగేయొచ్చా అని అడిగారు. దయచేసి లాగకండి. ఆ పని చేసి నేను నష్టపోయాను.

నాది హీలియోస్ 44-2. సోవియట్ కాలం నాటి 58 ఎంఎం లెన్స్, మీ దానిలాగే 49 ఎంఎం ఫిల్టర్ పడుతుంది. డాబా మెట్ల మీద చేయి జారింది. అద్దానికి ఏమీ కాలేదు కానీ రింగు అంచు అర అంగుళం పొడవున లోపలికి సొట్టపోయింది. ప్లయర్‌కి గుడ్డ చుట్టి మెల్లగా వంచాను. సొట్ట కొంత వచ్చింది. కానీ ప్లయర్ పట్టిన చోట రెండు మరలు నలిగి చదునైపోయాయి, అంచు అలలు తిరిగింది. ఒక్క వంపు పోయి మూడు వంపులు వచ్చాయి.

ఎందుకంటే ప్లయర్ గోరంత చోటే పట్టుకుంటుంది, బలమంతా అక్కడే పడుతుంది. ఈ సైజులో మర చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం 0.75 మిల్లీమీటర్లే, నలగడానికి ఎంతోసేపు పట్టదు. పైగా అది అల్యూమినియం. వంచిన చోట గట్టిపడుతుంది, మళ్లీ మళ్లీ వంచితే చిట్లుతుంది. అందుకే ఎంత తక్కువసార్లు వంచితే అంత మంచిది.

అప్పుడు నాకు మా అమ్మమ్మగారి ఊళ్లో ఇత్తడి బిందెలకు సొట్టలు తీసే ఆయన గుర్తొచ్చాడు. సొట్ట నడిమధ్యన ముందు ముట్టేవాడు కాదు. అంచుల దగ్గర మొదలుపెట్టి, చిన్న చిన్న దెబ్బలతో మధ్యకి వచ్చేవాడు. రింగుకీ అదే పద్ధతి పనికొచ్చింది.

వడ్రంగి దగ్గర జానెడు టేకు ముక్క తీసుకుని, ఒక వైపు రింగు లోపలి వంపుకి సరిపోయేలా గుండ్రంగా అరగదీయించాను. లెన్స్‌ని కెమెరా నుంచి తీసి, వెనక మూత పెట్టి, ఫోకస్ ఇన్ఫినిటీకి (అన్నిటికన్నా దూరపు గుర్తుకి) తిప్పాను. అలా తిప్పితే ముందు భాగం పూర్తిగా లోపలికి వెళ్తుంది, దెబ్బ ఫోకస్ మరల మీద తక్కువ పడుతుంది. ముందు అద్దం మీద లెన్స్ టిష్యూ, దాని మీద గుండ్రంగా కత్తిరించిన అట్ట పెట్టి అంచుల్లో మాస్కింగ్ టేప్ వేశాను. ఈ పని బద్ధకించకండి.

తర్వాత మడతపెట్టిన తువ్వాలు మీద లెన్స్‌ని పక్కకి పడుకోబెట్టాలి, సొట్ట ఉన్న వైపు కిందికి రావాలి. చెక్క కొసని ఐదారు మిల్లీమీటర్లు మాత్రమే రింగులోకి పెట్టాలి, మిగతాది బయటికి ఉండాలి. రింగు అంచుకి దగ్గరగా, ఆ బయటి చెక్క మీద చిన్న కొయ్య సుత్తితో తట్టాలి. మా ఆవిడ లెన్స్ పట్టుకుంది, నేను తట్టాను. ఒక్కరే చేయడం కష్టం. చెక్క సరిగా ఆనకపోతే 'డబ్ డబ్' అని బోలుగా వినిపిస్తుంది, ఆనితే 'టక్' అని గట్టిగా వస్తుంది. ఆ టక్ వినిపిస్తేనే తట్టండి. పది దెబ్బలకోసారి ఆపి చూసుకోండి.

ఆకారం దాదాపు వచ్చాక మరల సంగతి. అద్దం తీసేసిన పాత 49 ఎంఎం ఫిల్టర్ రింగు ఒకటి సంపాదించండి. ఇత్తడిదైతే మేలు, అల్యూమినియం మీద అల్యూమినియం రాసుకుంటే పట్టేస్తుంది. దాని మరలకి పెన్సిల్ మొన రుద్ది, మొదట ఎడమవైపు తిప్పండి. వేళ్లకి చిన్న 'టిక్' తగులుతుంది, మర మొదలు అక్కడే. అక్కడి నుంచి కుడివైపు తిప్పండి. బిగుసుకుంటే బలవంతం చేయకుండా వెనక్కి తిప్పి మళ్లీ రండి. ఇదంతా లెన్స్ ముఖం కిందికి పెట్టి చేస్తే లోహపు రజను అద్దం వైపు పోదు.

లెన్స్ వైస్ అనే పనిముట్టు కూడా ఉంది. రెండు అర్ధచంద్రాకారపు దవడలు, మధ్యలో స్క్రూ, తిప్పితే దవడలు విడివడతాయి. వెడల్పాటి సొట్టకి చాలా బాగుంటుంది. అయితే కొంచెం కొంచెంగా తిప్పి వదులుతూ పోవాలి, ఒకేసారి బిగిస్తే రింగు కోడిగుడ్డులా సాగుతుంది. ప్లాస్టిక్ రింగు లెన్స్‌లకి ఇవేవీ వద్దు, విరుగుతుంది.

ఫిల్టర్ రెండు మూడు చుట్లు ఎక్కిందంటే అక్కడ ఆపేయండి. నా రింగులో ఒకచోట నల్లరంగు పోయి వెండిలా మెరుస్తుంది, పట్టి చూస్తే కాస్త వంపు ఇప్పటికీ తెలుస్తుంది. దాన్ని సరిచేయాలని నేను మళ్లీ సుత్తి పట్టలేదు. వెంట్రుకంత పగులు కనిపించినా ఆపేయాల్సిందే. అప్పుడు 49 నుంచి 52కి స్టెప్ అప్ రింగు (చిన్న మరకి పెద్ద ఫిల్టర్ బిగించుకునే రింగు) ఎంతవరకు ఎక్కితే అంతవరకు ఎక్కించి, దాన్ని అలాగే వదిలేసి 52 ఫిల్టర్లు వాడుకోవచ్చు.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఒక్కటి చేయండి. గోడకి వార్తాపత్రిక అంటించి, కెమెరాని స్టాండ్ మీద తిన్నగా పెట్టి, లెన్స్ రంధ్రం పూర్తిగా తెరిచి, అంటే ఎఫ్ 1.8 దగ్గర, ఫోటో తీయండి. నాలుగు మూలల్లో అక్షరాలు ఒకేలా ఉండాలి. ఒక మూల మాత్రమే బాగా మసకబారినా, ఫోకస్ రింగు ఒకచోట పట్టేస్తున్నా లోపల అద్దాలు పక్కకి ఒరిగి ఉండొచ్చు. అలాగైతే సుత్తి ముట్టుకోకుండా, పాత లెన్స్‌లు విప్పి బిగించడం తెలిసిన మనిషికి ఇవ్వండి.