ఆఫీసులో ఎవరూ పట్టించుకోవట్లేదన్న తమ్ముడికి

తమ్ముడూ, డాలస్‌లో ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది, చెప్పిన పని చేసుకుపోతున్నా, అయినా ఎవరి కంటా పడట్లేదన్నావు. 2013లో డాలస్ పక్కనే ఉన్న ప్లానోలో చేరినప్పుడు నాదీ ఇదే కథ. కాకపోతే నాకు అడగడానికి ఎవరూ లేరు, మీకు అపార్ట్‌మెంటుకి నలుగురు అన్నలున్నారు. సరే, అది వదిలెయ్.

అప్పట్లో నా తలలో ఒకటే లెక్క, చదువు లోను. 13 శాతం వడ్డీ, నాన్న పొలం కాగితాలు బ్యాంకులో. ఉద్యోగం పోతే ఎలా అన్న భయంతో ఒక తెలివితక్కువ పని చేశాను. మా టీంలో రోజూ సాయంత్రం కస్టమర్లకి ఇన్వాయిస్‌లు పంపే ప్రోగ్రాం ఒకటి ఉండేది, వారానికి రెండు మూడుసార్లు మధ్యలో ఆగిపోయేది. ఎక్కడ ఆగుతుందో, మళ్ళీ ఎలా నడిపించాలో నాకొక్కడికే తెలుసు. ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాసిపెట్టలేదు. నాకు తప్ప తెలియకపోతే నన్ను తీసెయ్యలేరు కదా అని! 8 నెలలు గుట్టుగా నెట్టుకొచ్చాను. మరుసటి వేసవిలో చెల్లి పెళ్ళికి విజయవాడ వెళ్తే, తెల్లవారుజామున నాలుగున్నరకి, అంటే ఆఫీసువాళ్ళకి ముందురోజు సాయంత్రం ఆరుకి, ఫోన్. పట్టుపంచెతో మండపం వెనకాల జనరేటర్ పక్కన నిలబడి, ఆ మోతలో ఏ కమాండ్ కొట్టాలో అక్షరం అక్షరం చెప్పాను. అటు తాళి కడుతున్నారు. నేను చూడలేదు.

తిరిగొచ్చాక మేనేజర్ మెచ్చుకుంటాడనుకున్నా. "నువ్వు లేకపోతే ఆగిపోయే పని నీ చేతిలో ఉంటే, నిన్ను పై పనికి ఎలా పంపను?" అన్నాడు. ఆ ఏడు జీతం పెంచింది 2 శాతం. వడ్డీ మాత్రం అదే 13.

అప్పుడు కొత్తగా చేరిన అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని నాకు తెలిసిందంతా రాయించాను. రాస్తూ రాస్తూ, "ఆగాక నడిపించడం సరే, అసలు ఆగకుండా చెయ్యొచ్చుగా" అంది. రెండు వారాల్లో చేసేసింది కూడా. నాకు 8 నెలల్లో తట్టలేదు చూడు! నాకు మొదటి మంచి రివ్యూ వచ్చింది ఆ పిల్ల పని వల్లే. అందుకే నువ్వు ఏది సరిచేసినా అరపేజీ రాసిపెట్టు, పక్కవాళ్ళకి చూపించు. సీనియర్లెవరైనా నీ కోడ్‌లో ఇరవై తప్పులు పట్టారంటే, కూర్చుని చదివారని అర్థం. నేనైతే అలాంటి ఒకావిడ మీద అలిగి మూడు నెలలు సరిగ్గా మాట్లాడలేదు.

15 డాలర్లు దండగని టీం లంచ్‌లు ఎగ్గొట్టేవాణ్ణి, రాబోయే ప్రాజెక్టుల సంగతులన్నీ అక్కడే తేలేవి. సాయంత్రం కోర్సుకి చేతి డబ్బు కట్టాక తెలిసింది, కంపెనీనే ఇచ్చేదని. మీ హెచ్‌ఆర్‌ని అడుగు, అలా ఇచ్చేదానికి ఏడాదికి 5,250 డాలర్ల దాకా పన్ను పడదు. వీసా రూల్స్ ఇక్కడి వలసల శాఖ యూఎస్‌సీఐఎస్ సైటులో ఉంటాయి, చూసుకో. కానీ స్టూడెంట్ వీసా నుంచి ఉద్యోగ వీసా హెచ్1బీకి మారగానే సోషల్ సెక్యూరిటీ (పెన్షన్), మెడికేర్ (పెద్దవాళ్ళ వైద్యం) పన్నులు కలిపి జీతంలో 7.65 శాతం కోత పడుతుంది, దానికి ఇప్పట్నుంచే సిద్ధంగా ఉండు.

అన్నట్టు 401కే, అదే రిటైర్మెంట్ పొదుపు ఖాతా, మాటేంటి? మన జీతంలోంచి కొంత వేస్తే కంపెనీ కూడా కొంత కలుపుతుంటే, లోనుకి పంపాలని రెండేళ్ళు వదిలేసుకున్న మహానుభావుణ్ణి నేను. ఫారం నింపావా లేదా, ముందు ఆ సంగతి రాయి.