అరికాళ్ల మంట నొప్పి కిందికి వస్తుందా?

సందేహం: మా నాన్నగారికి చాలా ఏళ్లుగా షుగరు ఉంది. ఆస్పత్రి ఫారంలో ‘కాళ్లలో నొప్పి ఉన్నదా?’ అని ఉంటే ‘లేదు’ అని రాయించారు. రాత్రయితే మాత్రం అరికాళ్లు మండిపోతున్నాయంటారు. అదేమిటంటే ‘మంట వేరు, నొప్పి వేరు’ అంటారు. ఆయన మాట సరైనదేనా? పోటు, సలుపు, తీపు, మంట అన్నీ నొప్పికి పర్యాయపదాలు కావా?
– ఒక పాఠకురాలు

సమాధానం: మీ నాన్నగారి తెలుగు నిక్షేపంగా ఉంది. లోపం ఆ ఫారం రాసినవారిది.

ఇవి పర్యాయపదాలు కావు. నొచ్చు నుంచి నొప్పి వచ్చింది. ‘అన్యుల మనముల్ నొప్పింపక తా నొవ్వక’ అన్న సుమతీ శతక పద్యంలో ఉన్నది ఆ క్రియే. తెలంగాణలో ‘కడుపు నొస్తున్నది’ అంటూ దాన్ని ఇప్పటికీ బతికించుకున్నారు. కోస్తాలో అది ‘నొచ్చుకున్నాడు’ అని మనసుకే పరిమితమైపోయింది. పొడిచినట్టుండేది పోటు. గోరుచుట్టుకు చీము పడితే గుండె కొట్టుకున్నప్పుడల్లా తెలిసేది సలుపు. నడిచి అలసిన పిక్కలవి తీపులు. వీటికి ఇంత చాలు. అసలు చూడవలసిన మాట మంట.

వండు–వంట, పండు–పంట లాగే మండు–మంట. పొయ్యిలోదీ మంటే, మిరపకాయ కొరికితే నోట్లో పుట్టేదీ మంటే, పుండు మీద కారం పడితే కలిగేదీ మంటే. ఇదేదో అలంకారమనుకుంటారు చాలామంది. కాదు. చర్మంలోనూ నోట్లోనూ ఉండే సన్నని నరాల కొసల్లో ఒక ప్రొటీను తలుపులా పనిచేస్తుంది. వేడి సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటితే అది తెరుచుకుంటుంది. మిరపలోని క్యాప్సైసిన్ తగిలినా ఆ తలుపే తెరుచుకుంటుంది, మిరియాల ఘాటుకూ అంతే. పులుపు ఎక్కువైతే తక్కువ వేడికే తెరుచుకుంటుంది. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో దీన్ని కనిపెట్టింది, 2021లో ఆయనకు వచ్చిన నోబెల్ బహుమతి ఈ పరిశోధనకే. నిప్పుకీ మిరపకీ మెదడుకు చేరే కబురు ఒకటే. షడ్రసాల్లో కారాన్ని లెక్కపెట్టాం గానీ, నాలుక మీది రుచిమొగ్గలకు దానితో పని లేదు. అది నొప్పి తెలిపే నరాల వ్యవహారం. క్యాప్సైసిన్ నీటిలో కరగదు కనుక నీళ్లు తాగితే మంట చల్లారదు, పాలో పెరుగో కావాలి.

కబురు వెళ్లే తోవలు కూడా రెండు. కాలికి నిప్పు తగిలితే ముందు చురుక్కుమంటుంది, ఆ తర్వాత మండుతుంది. చురుకును మోసే నరాల పోగులకు పలచని కొవ్వు తొడుగు ఉంటుంది, వాటి వేగం సెకనుకు 5 నుంచి 30 మీటర్లు. మంటను మోసే పోగులకు తొడుగు లేదు, సెకనుకు మీటరు అటూ ఇటూ నడుస్తాయి. అందుకే పాదం నుంచి వెన్నుకు చేరేసరికి మంట దాదాపు ఒక సెకను వెనకబడుతుంది. వెన్నుపాములో ఆ కబురును మరో నరకణం అందుకుని, అవతలి పక్కకు దాటి, మెదడు నడుమ ఉండే థాలమస్ అనే భాగం మీదుగా మెదడు పైపొరకు తీసుకుపోతుంది. చురుక్కుమను, మండు అన్న క్రియలు ఈ రెండు పోగులకూ అచ్చంగా సరిపోతాయి. ఇంత చక్కని మాటలుండగా ‘పెయిన్ వస్తోంది’ అనడం ఏం సబబు? ‘పాదాలలో మండే అనుభూతిని కలిగి ఉన్నారా?’ అని అచ్చువేసేవారిని ఏమనాలి? ‘అరికాళ్లు మండుతున్నాయా?’ అంటే పసిపిల్లకైనా అర్థమవుతుంది.

షుగరులో వచ్చే మంటకు నిప్పూ లేదు, కారమూ లేదు. ఎక్కువకాలం చక్కెర అదుపు తప్పితే ఆ సన్నని పోగులే దెబ్బతిని, ఏమీ తగలకుండానే కబుర్లు పంపుతాయి. పొడవైన నరాలు ముందు పాడవుతాయి కనుక అది అరికాళ్లలో మొదలవుతుంది. వైద్యులు దీన్ని నొప్పిలోనే లెక్కిస్తారు, కాకపోతే దెబ్బ తగిలితే వచ్చే నొప్పి ఒక జాతి, నరం చెడితే వచ్చేది మరో జాతి. మందులూ వేరే. మామూలు నొప్పి మాత్రలు దీనికి అంతగా పనిచేయవు. కాబట్టి ఆ ‘లేదు’ను తప్పక దిద్దించండి. మంటా, తిమ్మిరా, సూదులు గుచ్చినట్టా, దుప్పటి తగిలినా ఓర్వలేకపోతున్నారా, రాత్రికి పెరుగుతోందా, అన్నీ డాక్టరుకు చెప్పమనండి. ఇలా మండే కాలికే ముల్లు గుచ్చుకున్నా తెలియకపోవచ్చు, రోజూ పాదాలు చూసుకోవాలి.

ఇక తీర్పంటారా? వ్యవహారంలో మంట నొప్పి కాదు, వైద్యంలో అవును. నొప్పికి సంకుచితార్థం, విశాలార్థం రెండూ ఒప్పుకోక తప్పదు. ఫారంలో ‘నొప్పి, మంట, తిమ్మిరి – వీటిలో ఏదైనా ఉందా?’ అని రాస్తే పేచీ ఉండదు. దీన్ని ‘నరాల మంట’ అనడానికి మాత్రం కొంచెం జంకుతాను. ‘నరాలు ఉబ్బాయి’ అన్నప్పుడు నరం రక్తనాళం, ‘నరం పట్టేసింది’ అన్నప్పుడు కండరం. పోనీ నాడి అందామంటే అది మణికట్టు దగ్గర కొట్టుకునేది. ప్రస్తుతానికి ‘నరాల మంట’నే వాడుకోండి, ఇంతకంటే మంచి మాట నాకు ఇంకా దొరకలేదు.