అట్ట మీద పేరు లేని రచయిత

ప్రశ్న: సార్, చర్చ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాల షాపులో టెన్నిస్ ఆటగాడు అగస్సీ ఆత్మకథ ‘ఓపెన్’, నైకీ షూ కంపెనీ పెట్టిన ఫిల్ నైట్ ఆత్మకథ ‘షూ డాగ్’ కొన్నాను. రెండింటి వెనకా ఒకే రచయిత ఉన్నాడని ఆఫీసులో ఒకతను అంటున్నాడు. నిజమేనా? మరి అట్ట మీద పేరు లేకపోవడం మోసం కాదా? ఇంకో సంగతి, కంపెనీ పెట్టి పైకొచ్చిన మా మావయ్య తన జీవితకథ నన్ను రాసిపెట్టమంటున్నారు. పేరు వేయమని అడగనా?
– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: నిజమే. ఆయన జె.ఆర్. మోరింగర్. 2023లో మొదటి రోజే 14 లక్షల పైచిలుకు కాపీలు పోయిన ప్రిన్స్ హ్యారీ ‘స్పేర్’ కూడా ఆ చేతి రాతే. అలాగని అనామకుడేం కాదు, లాస్ ఏంజెలెస్ టైమ్స్‌లో ఉండగా 2000లో పులిట్జర్ అవార్డు తెచ్చుకున్న జర్నలిస్టు.

మీరు ముందు చదవాల్సింది ఆయన సొంత కథ, 2005లో వచ్చిన ‘ది టెండర్ బార్’. తండ్రి వదిలేసి పోతే, మేనమామ పనిచేసే బార్‌కు వచ్చే మగవాళ్లను చూస్తూ పెరిగిన పిల్లాడు ఆయన. అగస్సీ 2006 యూఎస్ ఓపెన్ రోజుల్లో అది చదివి, నా కథ నువ్వే రాయాలని వెంటపడ్డాడు. అగస్సీకేమో ఉన్న తండ్రితోనే తంటా, బంతులు విసిరే మెషీన్ ముందు నిలబెట్టి ఆటంటేనే అసహ్యం పుట్టించాడు. ఆ పేజీలు అంత బాగా రావడానికి కారణం టెన్నిస్ పరిజ్ఞానం కాదని నా అనుమానం.

మోసమంటారా, పేరు వేద్దామని అగస్సీ అంటే మోరింగరే వద్దన్నాడు. ఆ ముక్క పుస్తకం చివర కృతజ్ఞతల్లో ఉంది, మనమే అంతదాకా చదవం.

పేరు వేసుకున్నవాళ్లూ ఉన్నారు. 1965లో వచ్చిన అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ ఆత్మకథ మీద అలెక్స్ హేలీ పేరుంటుంది. మాల్కం అదే ఏడాది ఫిబ్రవరిలో హత్యకు గురై అచ్చయిన పుస్తకం చూడనేలేదు, చివర హేలీ తన గొంతుతో పెద్ద అధ్యాయమే రాశాడు. తర్వాత 1976లో ‘రూట్స్’ నవలతో సొంతంగానూ పేరు మోగించాడు.

ఇక మీ మావయ్యగారి సంగతి. పేరు, డబ్బు, చివరి మాట ఎవరిది అన్నవి ముందే కాగితం మీద పెట్టుకోండి, మొహమాటపడితే తర్వాత చుట్టరికానికే టెన్షన్. దానికన్నా ముందు, ఆయన చేసిన అప్పులు, మోసపోయిన రోజులు, ఇంట్లో గొడవలు రాయనిస్తారా అని అడగండి. సరే అంటే పేరు అడగండి. వద్దంటే అది సన్మాన సంచిక, దానికి మీ పేరు అక్కర్లేదు, డబ్బు మాత్రం ముందే తీసుకోండి.