ఎథికల్ ఫ్యాషన్ చదవాలంటే కోర్సు పేరు కన్నా కాస్టింగ్ షీటు ముఖ్యం

ప్రశ్న: మాది యాదాద్రి భువనగిరి జిల్లా. ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాను. ఇంట్లో తాతయ్య కాలం నుంచి మగ్గం ఉంది. అమ్మ ఆసు పోస్తుంది (నేతకు ముందు నూలును చేత్తో మేకుల చుట్టూ చుట్టే పని). నాకు ఫ్యాషన్ డిజైన్ చదవాలని ఉంది. అదీ నేసేవాళ్లకూ కుట్టేవాళ్లకూ అన్యాయం జరగని ఎథికల్ ఫ్యాషన్‌లోకి వెళ్లాలని. నాన్నేమో ‘బట్టలు కుట్టడానికి నాలుగేళ్లు, లక్షల ఫీజులా? బీటెక్‌లో చేరు’ అంటున్నారు. ఎక్కడ చదవాలి? ఉద్యోగం దొరుకుతుందా?

జవాబు: ‘ఎథికల్’ అనే మాటను డిగ్రీ పేరులో వెతికితే మన దేశంలో దొరికేవి కొద్ది. దొరికినవాటిలోనూ ఆ మాట బ్రోచర్ అట్ట మీద పెద్దక్షరాల్లో ఉండి, సిలబస్‌లోకి వచ్చేసరికి ఏదో ఒక సెమిస్టర్‌లో ఒక్క పేపరుగా మిగిలిపోవడం మామూలే. బట్ట తయారీలో న్యాయాన్యాయాలు తేలేది గుడ్డ ఎంపికలో, కటింగ్ టేబుల్ మీద, కాస్టింగ్ షీటులో (ఒక్కో దుస్తుకయ్యే ఖర్చుల లెక్కలో), డెలివరీ తేదీలో. ఆ నాలుగూ గట్టిగా నేర్పే కోర్సు ఏ పేరుతో ఉన్నా మీకు పనికొస్తుంది.

డెలివరీ తేదీ ఎందుకంటారా? 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర సవార్‌లో రాణా ప్లాజా భవనం కూలి 1,134 మంది చనిపోయారు. ముందు రోజే పగుళ్లు కనబడ్డాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకు, దుకాణాలు మూసేశారు. పై అంతస్తుల్లో బట్టలు కుట్టేవాళ్లను మాత్రం మర్నాడు పనికి రప్పించారు. గడువు తరుముతుంటే ఫ్యాక్టరీలు ఎంతకు తెగిస్తాయో ఆ రోజు లోకమంతా చూసింది. శాంపిల్ ఓకే అయ్యాక డిజైనర్ ‘బటన్ మార్చండి, రంగు ఒక్క పిసరు తగ్గించండి’ అంటూ పది రోజులు తినేసినా షిప్‌మెంట్ తేదీ కదలదు. ఆ పది రోజులూ ఓవర్‌టైమ్ రూపంలో మెషిన్ ముందు కూర్చున్నవాళ్ల మీద పడతాయి. స్కెచ్ గీసే దశలోనే నిర్ణయాలు తేల్చేసే క్రమశిక్షణ ఈ రంగంలో నీతి కిందికే వస్తుంది.

ఇక కాస్టింగ్. ఒక కుర్తాకి 46 అంగుళాల పన్నా ఉన్న చేనేత కాటన్ రెండున్నర మీటర్లు పడుతుందనుకుందాం. మీటరు 300 రూపాయలైతే గుడ్డ ఖర్చు 750. మార్కర్ వేసినప్పుడు, అంటే కోయాల్సిన ముక్కలను గుడ్డ మీద పేర్చి గీసినప్పుడు, 85 శాతం గుడ్డ వాడకంలోకి వస్తే, మిగిలిన 15 శాతం, అంటే 112 రూపాయల గుడ్డ, పేలికలై నేల మీద పడుతుంది. ఆ కుర్తా కుట్టినందుకు ఇచ్చే పీస్ రేటు చాలాచోట్ల అంత కూడా ఉండదు. ప్యాటర్న్ (ముక్కలు కోసే కాగితపు నమూనా) సర్ది వృథాను 5 శాతానికి తెస్తే 75 రూపాయలు మిగులుతాయి. అమ్మకం ధర పైసా పెంచకుండా కుట్టుకూలి పెంచే దారి అక్కడుంది. ప్యాటర్న్ మేకింగ్ రాని ఎథికల్ డిజైనర్ ఎన్ని పోస్టర్లు వేసినా ఆ 75 రూపాయలు తేలేడు.

కూలి సంగతి నిమిషాల్లో చూడాలి. ఎనిమిది గంటలంటే 480 నిమిషాలు. కుర్తాకి 50 నిమిషాలు పడితే లెక్క ప్రకారం రోజుకు తొమ్మిదిన్నర. దారం తెగడం, బాబిన్ మార్చడం, విప్పి మళ్లీ కుట్టడం పోను ఎనిమిది అవుతాయి. పీసుకు 50 రూపాయలిస్తే రోజుకు 400. దీన్ని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనం పక్కన పెట్టి చూడండి. ‘మేం న్యాయమైన కూలి ఇస్తాం’ అనే బ్రాండ్‌ను ఇంటర్వ్యూలో ఈ నిమిషాల లెక్క అడిగితే అసలు సంగతి రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

వృథా లేకుండా కత్తిరించడం కొత్త విద్యేమీ కాదు. చీరకు కత్తెరే అక్కర్లేదు. పాతకాలపు కలీ కుర్తాలో నిలువు ముక్కలు, పక్కలకు త్రికోణపు కలీలు, చంక కింద చదరపు ముక్క అన్నీ గుడ్డ పన్నాలోంచే సరిగ్గా సరిపోయేలా తీసేవారు. చంక దగ్గర గుండ్రంగా కోసే పద్ధతి వచ్చాకే పేలికలు పెరిగాయి. అయితే విద్యార్థులు తప్పటడుగు వేసేదీ ఇక్కడే. జీరో వేస్ట్ ప్యాటర్న్ ఒక సైజుకు, ఒక పన్నాకు బిగిసిపోయి ఉంటుంది. మీడియంకి చక్కగా కుదిరింది ఎక్స్‌ఎల్‌కి పెంచేసరికి పక్క ముక్కను మింగేస్తుంది. చేనేత గుడ్డ పన్నా మగ్గానికీ మగ్గానికీ అంగుళం తేడా రావచ్చు. గుడ్డను తడిపి ఆరబెట్టకుండా కోస్తే మొదటి ఉతుకులోనే కుంచించుకుపోయి కొలతలన్నీ తప్పుతాయి. కాబట్టి ఏ ప్యాటర్న్ అయినా కనీసం మూడు సైజుల్లో, తడిపిన గుడ్డ మీద పరీక్షించాలి.

అడ్మిషన్ల విషయానికొస్తే, మొదట చూడాల్సింది మాదాపూర్‌లోని నిఫ్ట్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ) హైదరాబాద్. నిఫ్ట్ 1986లో కేంద్ర జౌళి శాఖ కింద మొదలైంది, 2006 నాటి చట్టం ప్రకారం సొంతంగా డిగ్రీ ఇస్తుంది. నాలుగేళ్ల బీడిజైన్‌కు ఏ గ్రూపైనా పరవాలేదు. మీది ఎంపీసీ కనుక దుస్తుల ఉత్పత్తి మీద నడిచే బీఎఫ్‌టెక్ (బ్యాచిలర్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ) తలుపూ తెరిచే ఉంది. కుట్టే నిమిషాలు, లైన్ ప్లానింగ్, నాణ్యత, ఖర్చు, అంటే పైన చెప్పిన లెక్కలన్నీ అందులోనే లోతుగా చెబుతారు. బీటెక్ అంటున్న నాన్నగారికీ ఆ డిగ్రీ కాస్త దగ్గరగా అనిపిస్తుంది. బీడిజైన్ వైపే మొగ్గితే, మగ్గం ఉన్న ఇంటి అమ్మాయిగా మీకు ఫ్యాషన్ డిజైన్ కన్నా టెక్స్‌టైల్ డిజైన్ ఎక్కువ కలిసొస్తుందని మా అభిప్రాయం. నూలు, రంగు, నేత చేతిలో ఉంటే దుస్తుల డిజైన్ తర్వాతైనా పట్టుబడుతుంది. తిరగేసి నేర్చుకోవడం కష్టం.

అమరావతిలోని ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఆంధ్రప్రదేశ్‌లో టెక్స్‌టైల్ అండ్ అపారెల్ డిజైన్ ఉంది. సీట్లు తక్కువ, పోటీ గట్టిది. ఖర్చు తగ్గాలంటే రెండు దారులున్నాయి. సైఫాబాద్‌లోనూ గుంటూరు దగ్గర లాంలోనూ వ్యవసాయ విశ్వవిద్యాలయాల కమ్యూనిటీ సైన్స్ కళాశాలల్లో నాలుగేళ్ల బీఎస్సీ చదువుతూ దుస్తులు, వస్త్రాల సబ్జెక్టులు నేర్చుకోవచ్చు. వెంకటగిరిలోని చేనేత సాంకేతిక సంస్థలో మూడేళ్ల డిప్లొమా ఉంది. 2024లో హైదరాబాద్‌లోనూ కొండా లక్ష్మణ్ బాపూజీ పేరుతో అలాంటి సంస్థ మొదలైంది. డిజైనర్ అన్న హోదా వీటిలో వెంటనే రాదు గానీ నేత మీద వచ్చే పట్టు వేరు.

ప్రైవేటు సంస్థలో చేరేముందు డిగ్రీ ఇచ్చేది ఏ విశ్వవిద్యాలయమో, అది యూజీసీ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. క్యాంపస్‌కు వెళ్లినప్పుడు ఫ్యాషన్ షో ఫొటోలు చూపిస్తారు. మీరు మాత్రం రంగుల ల్యాబ్ చూపించమనండి. స్టవ్‌లు, తూకం, పీహెచ్ పట్టీలు వాడినట్టు కనబడుతున్నాయా? ప్యాటర్న్ మేకింగ్‌కి వారానికి ఎన్ని గంటలు? కాస్టింగ్ విడి సబ్జెక్టా, ఇంకో దాంట్లో ఒక చాప్టరా? నిరుటి విద్యార్థులు ఇంటర్న్‌షిప్‌కి ఏ ఊరు, ఏ యూనిట్‌కి వెళ్లారు? నేత ఊళ్లకు వెళ్లి వచ్చి రాసే క్లస్టర్ రిపోర్టులో నేతగాళ్ల పేర్లు రాశారా, లేక అందరినీ కలిపి ‘కళాకారులు’ అనేశారా? ఆ చివరి ప్రశ్నకు జవాబు చూస్తే సంస్థ చూపు ఎటుందో తెలుస్తుంది.

సహజ రంగుల గురించి ఒక హెచ్చరిక. చెట్టు నుంచి వచ్చింది కదా అని ప్రతిదీ మంచిదైపోదు. కాటన్‌కు సహజ రంగు తనంతట తాను పట్టదు. వంద గ్రాముల గుడ్డను ముందు సోడాతో ఉడికించి గంజి, మైనం వదిలించాలి. తర్వాత 15 నుంచి 20 గ్రాముల కరక్కాయ పొడిలో, ఆ తర్వాత దాదాపు అంతే పటికలో నానబెట్టి అప్పుడు ఎర్ర రంగునిచ్చే మంజిష్ఠ వేరు రసంలో వేయాలి. తొందరపడి ఉడికించడం మానేస్తే మచ్చలు మచ్చలుగా పడుతుంది. కరక్కాయ మానేస్తే పటిక సరిగా నిలవక రంగు పాలిపోతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయతో పాటు గేదెపాలు కలపడానికీ కారణముంది: పాలలోని కొవ్వు కలం గీత పక్కలకు పాకకుండా ఆపుతుంది. కాసేపట్లో ముదురు రంగు రావాలని పొటాషియం డైక్రోమేట్ వాడేవాళ్లున్నారు. అది విషం. దాంతో అద్దిన రంగు మొక్క నుంచి వచ్చినా ఆ నీళ్లు కాలువలోకి వదలకూడదు. ప్రతి నమూనాకూ తెల్లగుడ్డ ముక్క జతచేసి ఉతికి రంగు దిగుతుందో లేదో చూడండి. ఇంకో ముక్కను సగం నల్లకాగితంతో కప్పి వారం రోజులు ఎండలో ఉంచండి. ఈ ముక్కలు తేదీలతో అంటించిన నోట్‌బుక్ మీ పోర్ట్‌ఫోలియోలో అందమైన స్కెచ్ కన్నా బలంగా మాట్లాడుతుంది.

లేబుళ్లను కూడా విడమరిచి చూడటం అలవాటు చేసుకోండి. సేంద్రియ వస్త్రాలకిచ్చే గాట్స్ ధ్రువీకరణలో ‘ఆర్గానిక్’ అని వేయాలంటే కనీసం 95 శాతం సేంద్రియ నూలు ఉండాలి. ‘ఆర్గానిక్‌తో తయారైంది’ అనడానికి 70 శాతం చాలు. ఓకో టెక్స్ స్టాండర్డ్ 100 చూసేది గుడ్డలో హానికర రసాయనాలు మిగిలాయా అన్నదే, కుట్టినవాళ్ల కూలి గురించి ఆ గుర్తు ఏమీ చెప్పదు. పోచంపల్లి ఇక్కత్‌కు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉన్నా, అదే డిజైన్‌ను మిల్లు గుడ్డ మీద ప్రింట్ చేసి అమ్మేవాళ్లు ఆగలేదు. అసలు ఇక్కత్‌లో రంగు రెండువైపులా దాదాపు ఒకేలా ఉంటుంది, అంచులు ఈకల్లా చెదురుతాయి. ఫ్యాషన్ వల్ల కర్బన కాలుష్యం ఇంత శాతమని తిరిగే అంకెలు రెండు నుంచి పది దాకా మారుతుంటాయి. వాటిని వ్యాసాల్లో ఎత్తిరాయకండి. మీ ఇంటి మగ్గం మీద ఒక చీరకు ఎంత నూలు, ఎన్ని గంటలు, ఎంత కూలి అని మీరే కొలిచి రాసిన ఒక పేజీకి ఇంటర్వ్యూ బోర్డులో విలువెక్కువ.

ఆసు గురించి తప్పక రాయండి. ఒక్క చీరకు చేతిని వేలసార్లు అటూ ఇటూ ఆడించే పని అది, భుజాలు పట్టేస్తాయి. మీ జిల్లాలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం 1999లో లక్ష్మీ ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. చీర డిజైన్ మారలేదు, చేసే మనిషి ఒంటినొప్పి తగ్గింది. ఎథికల్ డిజైన్ అంటే ఏమిటని అడిగితే చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ మీ ఇంట్లోనే ఉంది.

ఉద్యోగాల మాట దాచకుండా చెప్పాలి. చిన్న చేనేత బ్రాండ్లలో పని తృప్తిగా ఉంటుంది, జీతం తక్కువ. మొదటి రెండు మూడేళ్లు బెంగళూరు, తిరుప్పూర్, గురుగ్రామ్ వైపు ఎగుమతి యూనిట్లలో మర్చండైజర్‌గానో (కొనుగోలుదారుల ఆర్డర్లు చూసుకునే పని) సోర్సింగ్‌లోనో (సరుకు సేకరణ) చేస్తే ఆర్డర్లు, ధరలు, గడువులు ఎలా నడుస్తాయో తెలుస్తుంది. ఇటువైపు అచ్యుతాపురంలో బ్రాండిక్స్, వరంగల్ దగ్గర కాకతీయ టెక్స్‌టైల్ పార్కు ఉన్నాయి. ఫ్యాక్టరీల్లో పని పరిస్థితులు తనిఖీ చేసే కంప్లయన్స్ ఉద్యోగాలూ ఉంటాయి, వాటికి బీఎఫ్‌టెక్ వాళ్లు బాగా సరిపోతారు. మొదటి జీతం సాఫ్ట్‌వేర్‌లో మంచి ప్లేస్‌మెంట్ కన్నా తక్కువే ఉంటుందని నాన్నగారికి ముందే చెప్పండి. విదేశీ చదువంటే లండన్ కాలేజ్ ఆఫ్ ఫ్యాషన్‌లో 2008 నుంచి సస్టైనబుల్ ఫ్యాషన్‌కు ప్రత్యేక కేంద్రమే ఉంది. కానీ అంత ఖర్చు డిగ్రీ మీద కన్నా, ఇక్కడ చదివి రెండేళ్లు పనిచేశాక మాస్టర్స్ మీద పెట్టడం మేలు.

చాలామంది ఇంటర్ పరీక్షలు అయ్యాక ఈ కోర్సుల గురించి వాకబు చేస్తారు. అప్పటికి తలుపులు మూసేసి ఉంటాయి. ఎన్‌ఐడీ దరఖాస్తులు శీతాకాలం మొదట్లోనే ముగుస్తాయి. నిఫ్ట్ ప్రవేశ పరీక్ష ఈమధ్య ఫిబ్రవరిలో జరుగుతోంది, దరఖాస్తు డిసెంబరు, జనవరుల్లో. బీడిజైన్‌కు సృజన పరీక్ష, జనరల్ ఎబిలిటీ, ఎంపికైనవాళ్లకు సిచ్యువేషన్ టెస్ట్ ఉంటాయి. సిచ్యువేషన్ టెస్ట్‌లో ఇచ్చిన వస్తువులతో నమూనా చేయాలి. అట్ట, తీగ, దారం, కాగితంతో వారానికి రెండుసార్లు గడియారం పెట్టుకుని చేయండి. ఎక్కువమంది ఓడేది ఆలోచనలో కాదు, జిగురు ఆరేలోపు టైమైపోయి.

నిఫ్ట్ ఫీజు నాలుగేళ్లకు, హాస్టల్ కాకుండానే, పది లక్షలు దాటుతుంది. అయితే చేతివృత్తులవారికీ వారి పిల్లలకూ నిఫ్ట్‌లో ప్రత్యేక ప్రవేశ విభాగం ఉంది. దానికి ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు కార్డు కావాలి. అమ్మ పేరున గానీ నాన్న పేరున గానీ చేనేత గుర్తింపు కార్డు ఉందా, అందులో పేరు మీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండా ఉందా అన్నది ఈ వారమే చూసుకోండి. తేడా ఉంటే కార్డు ఇచ్చిన కార్యాలయంలో సరిచేయించుకోవాలి. నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తితే ఆ పనికి టైము చాలదు.