ఇంగ్లండ్ పల్లెలో పిల్లలతో కాపురం: కొత్తగా వచ్చేవాళ్లకు

ఇప్స్‌విచ్‌లోనో బరీ సెయింట్ ఎడ్మండ్స్‌లోనో ఉద్యోగం వచ్చింది, టౌన్లో అద్దెలు ఎక్కువగా ఉన్నాయి, దగ్గర్లోని పల్లెలో తోట ఉన్న ఇల్లు దొరుకుతోంది, పిల్లలతో అక్కడ ఉండగలమా? ఈమధ్య మనవాళ్లు నన్ను ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇదే. ఉండగలరు, హాయిగా ఉండగలరు. ఈ టౌన్లున్న సఫోక్ కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఒక పల్లెలో ఇద్దరు పిల్లల్ని పెంచుతూ చెబుతున్న మాట ఇది. కాకపోతే లండన్‌లోనో లెస్టర్‌లోనో ఉన్న స్నేహితుల్ని అడిగి ఇక్కడి ఖర్చులు, ఏర్పాట్లు అంచనా వేసుకోకండి. పల్లె లెక్కలు వేరు.

ముందుగా కారు సంగతి. బస్సులు తక్కువ, సాయంత్రం అయితే ఇంకా తక్కువ. ఇండియా లైసెన్సుతో మొదటి 12 నెలలే నడపనిస్తారు. ఆలోపు భార్యాభర్తలిద్దరూ ఇక్కడి టెస్ట్ పాసవ్వాలి. ఇద్దరూ అని గట్టిగా అంటున్నాను, ఎందుకంటే ఒక్కరికే డ్రైవింగ్ వస్తే రెండోవాళ్లు చలికాలమంతా ఇంట్లో బందీ అయిపోతారు. చాలా ఊళ్లకు గ్యాస్ పైపు లేదు, హీటింగ్‌కి ఆయిల్ ట్యాంకు ఉంటుంది. ఊరివాళ్లు కలిసి ఆర్డర్ ఇచ్చే గ్రూపు ఉందేమో పక్కింటివాళ్లను అడగండి, ధర తగ్గుతుంది.

ఇక స్కూలు. ఇల్లు ఖాయం చేసుకోకముందే స్కూలు చూసుకోండి. సీటున్న దగ్గరి స్కూలు మీ ఇంటి నుంచి 8 ఏళ్లలోపు పిల్లలకు 2 మైళ్లు, ఆపైన 16 వరకు 3 మైళ్లు దాటి ఉంటే కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) ఉచితంగా బస్సో ట్యాక్సీనో పెడుతుంది. దూరం తక్కువైనా నడవడానికి క్షేమమైన దారి లేకపోతే అప్పుడూ ఇస్తారు. అదే, రేటింగ్ బాగుందని మీకు మీరే దూరపు స్కూలు ఎంచుకుంటే ఆ సౌకర్యం పోతుంది. రోజూ రెండుసార్లు తీసుకెళ్లి తీసుకురావడం మీ పనే. 16 దాటాక చదువో శిక్షణో 18 దాకా తప్పనిసరి గానీ, ఉచిత బస్సు మాత్రం గ్యారంటీ కాదు. పిల్లలు చిన్నవాళ్లే కదా అని ఈ ఖర్చును చాలామంది లెక్కలోకి తీసుకోరు. రిసెప్షన్ క్లాసుకి (స్కూల్లో మొట్టమొదటి తరగతి) జనవరి 15, సెకండరీకి అక్టోబర్ 31 దరఖాస్తుకు ఆఖరి తేదీలు. మధ్యలో దిగినవాళ్లు కౌన్సిల్‌నో నేరుగా స్కూలునో అడగాలి.

ప్రభుత్వ స్కూల్లో ఫీజు లేదు. వీసా మీద పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వ ఆర్థిక సాయం) లేవు అని రాసి ఉంటే టెన్షన్ పడకండి, స్కూలు చదువు ఆ లెక్కలోకి రాదు. మూడేళ్లు నిండిన తర్వాతి టర్మ్ నుంచి వారానికి 15 గంటల ఉచిత నర్సరీ కూడా అందరికీ ఉంటుంది. రిసెప్షన్, ఇయర్ 1, ఇయర్ 2 పిల్లలందరికీ మధ్యాహ్నం భోజనం ఉచితం. బీఫ్ పెట్టొద్దని, లేదా పూర్తి శాకాహారమని మొదటిరోజే రాసివ్వండి. యూనిఫామ్‌లో లోగో ఉన్న స్వెటర్ తప్ప మిగతావన్నీ సూపర్‌మార్కెట్లో దొరుకుతాయి. ఆ స్వెటర్ కూడా స్కూల్లోనే సెకండ్‌హ్యాండ్‌లో దొరకొచ్చు, అడగడానికి మొహమాటపడకండి. ఇక్కడ ఎవరూ దాన్ని తక్కువగా చూడరు. ట్రిప్పులకు డబ్బు అడుగుతారు. స్కూలు వేళల్లో జరిగే ట్రిప్పు అయితే అది స్వచ్ఛందమే, కట్టలేదని పిల్లాణ్ణి వదిలేసి వెళ్లకూడదు. నిజంగా ఖర్చయ్యేది స్కూలుకి ముందు, తర్వాత పిల్లల్ని చూసుకునే ఉదయం, సాయంత్రం క్లబ్బులకు. స్కూలు మూడుంపావు ప్రాంతంలో వదిలేస్తారు, మన ఆఫీసులు అప్పటికి వదలవు కదా.

ఊరి స్కూలు చూసి మనవాళ్లు చాలామంది కంగారుపడతారు. రెండు ఇయర్ల పిల్లలు ఒకే గదిలో ఉంటారు, పాఠ్యపుస్తకాలు ఇంటికి రావు, చెప్పుకోదగ్గ హోంవర్క్ ఉండదు. వెంటనే ప్రైవేటు స్కూలు వైపు చూపు పోతుంది. ఆగండి. 2025 జనవరి నుంచి ప్రైవేటు ఫీజు మీద 20 శాతం వ్యాట్ పడుతోంది. ప్రైమరీ వయసులో దానికోసం అప్పు చేయడం నాకు సమ్మతం కాదు. బ్యాగులో రోజూ ఒక సన్నటి కథల పుస్తకం, దాంతోపాటు రీడింగ్ రికార్డ్ అనే చిన్న నోట్‌బుక్ వస్తాయి. అదే అసలు హోంవర్క్. రాత్రి పది నిమిషాలు పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని చదివించి, ఏ పేజీ వరకు వచ్చింది, ఏ పదం దగ్గర ఆగింది, ఎక్కడ నవ్వింది, అందులో ఒక్క వాక్యం రాయండి. మర్నాడు టీచర్ దాన్ని చూసి తనూ ఒక ముక్క రాస్తుంది. ఇలా ఏడాదిపాటు నడిస్తే మీకూ ఆ టీచర్‌కూ మధ్య ఏర్పడే నమ్మకం ఏ ట్యూషనూ ఇవ్వలేదు. మిగిల్చిన డబ్బు యూనివర్సిటీకి దాచండి. ఐఎల్‌ఆర్ (శాశ్వతంగా ఉండే అనుమతి) రాకముందే పిల్లలకు 18 వస్తే సాధారణంగా విదేశీ విద్యార్థి ఫీజే పడుతుంది. టీనేజీ పిల్లలతో వచ్చేవాళ్లకు అసలు భారం అదే.

టర్మ్ మధ్యలో పెళ్లిళ్లకు ఇండియా వెళ్లే విషయం కూడా చెప్పాలి. పది స్కూలు వారాల్లో ఐదు రోజులు అనుమతి లేకుండా మానిపిస్తే, ఒక్కో పిల్లకి ఒక్కో తల్లిదండ్రికి 80 పౌండ్ల జరిమానా పడొచ్చు. ఇద్దరు పిల్లలుంటే 320. 21 రోజుల్లో కట్టకపోతే రెట్టింపు. మూడేళ్లలో రెండోసారైతే మొదటినుంచే 160, మూడోసారికి కోర్టు దాకా పోవచ్చు. ముహూర్తాలు పెట్టేటప్పుడే ఇక్కడి సెలవుల తేదీలు మీవాళ్లకు పంపండి.

తోట గురించి అందరూ అడిగే మొదటి మాట, పాములుంటాయా అని. ఉంటాయి. బ్రిటన్‌లో విషమున్న పాము అడర్ ఒక్కటే. అది ఎక్కువగా తుప్పలున్న బీళ్లలో ఉంటుంది, మనిషి అలికిడి వింటే తప్పుకుంటుంది. చెరువు పక్కన, ఆకుల ఎరువు కుప్పలో కనిపించేది చాలావరకు గ్రాస్ స్నేక్, మెడ దగ్గర పసుపు పట్టీ ఉంటుంది, విషం లేదు. ఏ పామునైనా చంపడం నేరం. కర్ర వెతక్కుండా పిల్లల్ని వెనక్కి పిలిస్తే చాలు. పాముకంటే నేను జాగ్రత్తపడేది పిడుదుల గురించి. ఎత్తైన గడ్డిలో ఆడొచ్చాక మోకాళ్ల వెనక, చంకల్లో, జుట్టు కుదుళ్ల దగ్గర చూడండి. అంటుకుని ఉంటే సన్నటి ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిలువుగా లాగేయండి. తర్వాతి వారాల్లో ఆ చోట ఎర్రటి మచ్చ వలయంలా విస్తరిస్తే జీపీకి (మన ఊరి డాక్టరుకి) చూపించాలి, లైమ్ వ్యాధి కావచ్చు.

ఇంత భయం చెప్పాక సంతోషం కూడా చెప్పాలి. ఇంటి ఓనర్ ఒప్పుకుంటే కంచె అడుగున 13 సెంటీమీటర్ల చదరపు కన్నం చేయండి, హెడ్జ్‌హాగ్‌కి (ఒంటి నిండా ముళ్లుండే చిన్న జంతువు) అంత దారి చాలు. చీకటి పడ్డాక లైట్లు ఆపి వెనక తలుపు దగ్గర పిల్లలతో కూర్చోండి. ముందు ఎండుటాకుల్లో చప్పుడు, తర్వాత బుసబుసమనే ఊపిరి, ఆపైన తడిసిన నల్లటి ముక్కు కన్నంలోంచి బయటికొస్తుంది. ముందరి కాళ్లు రెండూ పళ్లెం అంచు మీద పెట్టి, మొహమంతా అందులో ముంచి తింటుంది. పాలు పెట్టకండి, వాటికి అరగవు. మాంసం ఉన్న పిల్లి మేత, మంచినీళ్లు చాలు. నవంబర్ 5న ఇక్కడ పండుగలా వేసే మంటకి కట్టెలు పేర్చితే వెలిగించే ముందు కుప్ప కింద చూడండి, చలికాలం నిద్రకి అవి అలాంటి చోట్లే దూరతాయి.

మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడల్లా పొద్దున్నే టీ గ్లాసుతో వంటింటి కిటికీ దగ్గర నిలబడి రాబిన్ పిట్ట వచ్చిందా అని చూస్తుంది. పక్షులకు అన్నం పెట్టొచ్చు, ఉప్పు లేని వట్టి అన్నం కొద్దిగా. సాయంత్రానికి మిగిలింది తీసేయాలి, లేకపోతే ఎలుకలు మరుగుతాయి. జనవరి చివరి వారాంతంలో ఆర్‌ఎస్‌పీబీ అనే పక్షి సంరక్షణ సంస్థ వాళ్లు 1979 నుంచి నడిపే పక్షుల లెక్కింపు ఉంటుంది. ఒక గంట కూర్చుని, ఒక్కో రకం ఒకేసారి ఎక్కువలో ఎక్కువ ఎన్ని కనిపించాయో రాయాలి. బ్లూ టిట్ నాలుగా ఐదా అని పిల్లలు వాదించుకుంటూ పేర్లన్నీ నేర్చేసుకుంటారు.

ఫుట్‌బాల్ గురించి గట్టిగా ఒకటి చెబుతాను. టీవీలో గెలిచే జట్టును కాదు, మీ ఊరివాళ్ల జట్టును పట్టుకోండి. మా చుట్టుపక్కల అది ఇప్స్‌విచ్ టౌన్. ఉత్తరాన లోస్టాఫ్ట్, బెకల్స్ వైపు నార్విచ్ సిటీ అభిమానులు ఎక్కువ. సోమవారం స్కూల్లో పిల్లల మాటలన్నీ శనివారం మ్యాచ్ గురించే. కొత్తగా వచ్చిన పిల్లకి, ఇంకా యాస పట్టుబడని పిల్లాడికి ఆ మాటల్లో చోటు దొరకడం చిన్న విషయం కాదు. పెద్దవాళ్లకీ అంతే. 1962లో లీగ్ గెలిపించిన ఆల్ఫ్ రామ్సీ, 1978లో ఎఫ్‌ఏ కప్, 1981లో యుయెఫా కప్ తెచ్చిన బాబీ రాబ్సన్, ఈ ఇద్దరు మేనేజర్ల విగ్రహాలూ పోర్ట్‌మన్ రోడ్ స్టేడియం బయట ఉన్నాయి. 78 ఫైనల్ గుర్తుందా అని ఊరి పెద్దాయన్ని అడిగి చూడండి, అరగంట కదలనివ్వడు. ఈ జట్టు 2019లో మూడో డివిజన్‌కి పడిపోయింది, 2023లో, 2024లో వరసగా రెండు మెట్లెక్కి అన్నిటికన్నా పైదైన ప్రీమియర్ లీగ్‌కి వచ్చింది, 2025లో మళ్లీ కిందికి దిగింది. అన్నేళ్లూ ఇక్కడివాళ్లు స్టేడియానికి వెళ్తూనే ఉన్నారు. అది పిల్లలు చూడాలి.

స్టేడియంలో తాగుబోతుల గొడవేమో అని భయపడేవాళ్లకు: మైదానం కనిపించే చోట మద్యం తాగడాన్ని చట్టం ఒప్పుకోదు. ఫ్యామిలీ స్టాండ్‌లో టికెట్ తీసుకోండి, పిల్లలకు తక్కువ ధర ఉంటుంది. శనివారం మూడింటి మ్యాచ్‌లు ఈ దేశంలో టీవీలో లైవ్ ఇవ్వరు, వెళ్లలేని రోజు బీబీసీ రేడియో సఫోక్ పెట్టుకోండి. మొదటిసారికి నార్విచ్‌తో జరిగే మ్యాచ్ వద్దు, టికెట్ దొరకడమూ కష్టం, అభిమానుల మధ్య వేడీ ఎక్కువ. సెప్టెంబర్లో, ఇంకా వెలుతురు ఉండగానే ఇంటికి చేరుకునే మధ్యాహ్నం మ్యాచ్ చూసుకోండి. పిల్లలకు పసుపు, ఆకుపచ్చ కలిసిన చొక్కా మాత్రం వేయకండి. అవి నార్విచ్ రంగులు.